ఆదివారం ఎవరిది? పల్లెలో ఇంటి ప్రార్థనకు ఒక చరిత్ర

కుటుంబ ప్రార్థన గురించి మన చర్చిల్లో ఏటా ఒక ప్రసంగమైనా ఉంటుంది. సారాంశం ఎప్పుడూ ఒకటే. ఈ కాలపు తల్లిదండ్రులకు తీరిక లేదు, పిల్లలకు వాక్యం చెప్పే దిక్కు లేదు, రోజు మొత్తంలో ఒక్క అరగంట దేవుడికి ఇవ్వలేరా అని. వినేవాళ్ళల్లో మిరపకోతకు పోయి చేతులు మండిపోతున్న ఆడవాళ్ళుంటారు. ఆటో నడుపుకునేవాళ్ళుంటారు. రాత్రి డ్యూటీ దిగి నిద్ర లేకుండా వచ్చిన నర్సమ్మ ఉంటుంది. అందరూ తలొంచుకుని వింటారు. మా అమ్మ కూడా అట్లాగే వినేది. పొద్దున్నే చద్ది కట్టుకుని పొగాకు కంపెనీకి పోయేది, చీకటి పడ్డాక వచ్చేది. ఒళ్ళంతా పొగాకు ఘాటు. ఇంటికొచ్చి పొయ్యి ముట్టించి, ఎసరు మరిగేలోపు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాట పాడించేది. అంతే మా కుటుంబ ప్రార్థన. అది సరిపోదేమోనని చచ్చేదాకా ఆమెకు దిగులు.

ఆ దిగులు ఎక్కడినుంచి వచ్చిందో వెతకడానికే ఈ వ్యాసం. తీరిక లేకపోవడాన్ని ఈ కాలపు జబ్బుగా చెప్పడం నాకు ఒప్పుదల కాదు. మన తాతముత్తాతలకు తీరిక ఏనాడు ఉంది గనక? పాలేరు పొద్దు ఆసామిది. పాలేరు పెళ్ళాం పొద్దు కూడా ఆసామిదే. పశువుల వెంట పోయే పిల్లోడి పొద్దూ వాడిదే. అసలు విశ్వాసాన్ని ఇంట్లో నిలుపుకోవడమంటే ఆ పొద్దులోంచి కాస్త వెనక్కి లాక్కోవడం. మన దగ్గర ఇంటి ప్రార్థన చరిత్రను నేను ఇట్లా చదువుతాను.

ఒంగోలు నుంచి మొదలుపెడదాం. అమెరికన్ బాప్తిస్టు మిషన్ 1840లో నెల్లూరులో అడుగుపెట్టింది. పాతికేళ్ళు గడిచినా చేరినవాళ్ళు బహు కొద్దిమంది. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ కూడా పెట్టారు. పరిస్థితి మారింది 1866లో. మార్చిన మనిషి యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమటి వైపున్న తాళ్ళకొండపాడు మాదిగ. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. ఆ వ్యాపారం మీద ఉత్తరాదికి తిరుగుతున్నప్పుడే క్రీస్తు మాట విన్నాడు. ఆయనా, ఆయన భార్య నాగమ్మా ఆ ఏడు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాతే ఒంగోలులో కాపురం పెట్టిన జాన్ క్లౌ దొరకు మాదిగపల్లెల దారి తెరుచుకుంది. మిషన్ పుస్తకాల్లో కథ దొరతో మొదలవుతుంది. మన పల్లెల్లో అది పేరయ్యతో మొదలుకావాలి.

పేరయ్య ఉత్త చేతులతో రాలేదు. అంతకు ముందే ఆయన ఒక స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నవాడు. క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద ఒక పుస్తకం అచ్చువేసింది. పేరుకు అర్థం ‘చెప్పులు కుడుతూ’ అని. అందులో ఆమె మాదిగపల్లెల్లోని గురుమార్గాల గురించి విడిగా రాసింది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడైన మాదిగ కక్కయ్యను మనం ఎరుగుదుం. పగలంతా పని, రాత్రి గురువు చుట్టూ కూర్చుని తత్వాలు. ఈ అలవాటు పల్లెకు పాతదే. బాప్తిస్టు బోధకులు పగలు పోతే పల్లెలో ముసలివాళ్ళూ పసివాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. అందుకే రాత్రిళ్ళు పోయారు. దీపం పెట్టుకుని, పాట ఎత్తుకుని, నలుగురు పోగయ్యాక మాట చెప్పారు. రాత్రి ప్రార్థన అమెరికా నుంచి ఓడలో దిగిన సరుకని అనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

చేరేవాళ్ళకు మూడు షరతులు పెట్టారు. విగ్రహాలకు మొక్కొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. ఆదివారం పని చెయ్యొద్దు. మూడూ వినడానికి మత నియమాలే. మాదిగ ఇంట్లో మాత్రం మూడూ మూడు యుద్ధాలు. రెండో షరతు గురించి నాకు ఇప్పటికీ రెండు మనసులే. గొడ్డుమాంసం మీద అగ్రకులాలకున్న అసహ్యాన్నే అది మనకు నేర్పింది. అదే సమయంలో, ఊరు చచ్చిన గొడ్డును ఈడ్పించి ఆ మాంసమే కూలి కింద లెక్కేసే పద్ధతిని తెంచడానికి ఒక సాకు కూడా అయింది. వండేది ఆడవాళ్ళు గనక ఆ షరతు బరువు వాళ్ళ పొయ్యి మీదే పడింది. కరువు కాలంలో ఇంకేం వండాలో షరతు పెట్టినవాళ్ళు చెప్పలేదు.

అసలు గొడవంతా మూడో షరతు దగ్గర. మాదిగవాడు ఆసామికి చెప్పులు కుట్టాలి, కపిల బాన బాగుచెయ్యాలి, పొలం పని చెయ్యాలి, ఊరి కొలుపుల్లో డప్పు కొట్టాలి. దానికి కళ్ళంలో మేర కొలుస్తారు. ఈ లెక్కలో ఏడు రోజులూ ఆసామివే. అట్లాంటిది ఒకరోజు నాది కాదు, దేవుడిది అని మాదిగవాడు అనేసరికి ఊరు భగ్గుమంది. ఆదివారం రానివాణ్ణి సోమవారం రానివ్వలేదు. నీళ్ళు ఆపారు, అంగట్లో సరుకు ఇవ్వలేదు. కరణాలు, మునసబులు కొట్టించారు కూడా. ఈ సంగతులు మిషన్ వాళ్ళ పుస్తకాల్లో ‘హింసలు’ అనే మాట కింద ఉన్నాయి. విశ్వాసం కోసం పడిన హింసలుగా రాసుకున్నారు. అది నిజమే. కానీ ఆసామికి మాదిగవాడు ఏ దేవుడికి మొక్కితే ఏం? వాడి బాధల్లా ఆ ఒక్క రోజు గురించే.

బొంబాయిలో ఫూలే అనుచరుడు నారాయణ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికుల తరఫున ఆదివారం సెలవు అడుగుతూ అర్జీ పెట్టింది 1884లో. మిల్లు యజమానులు దానికి తలవంచింది 1890లో. కార్మికోద్యమ చరిత్రలో దీనికి చోటుంది, ఉండాల్సిందే. ఒంగోలు తాలూకాలో మాదిగలు అదే ఆదివారాన్ని 1860ల చివర్లోనే అడిగారు. వీళ్ళది బైబిలు భాష గనక ఇది ఏ కార్మిక చరిత్రలోనూ ఎక్కలేదు. మన కమ్యూనిస్టు మిత్రులు దీన్ని మతం లెక్కలో పారేశారు, చర్చి వాళ్ళేమో భక్తి లెక్కలో దాచిపెట్టారు.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని, పల్లెలవాళ్ళను పనికి పెట్టాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు మన్ను మోసిన గుంపే రాత్రి పాటకు కూర్చుంది. కూడు కోసం కలుస్తున్నారన్న మాట రాకుండా సహాయం జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878లో తిరిగి మొదలుపెడితే, జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆ ఏడాది ఆఖరికి 9,606 మంది. ‘బియ్యపు క్రైస్తవులు’ అనే ఎగతాళి అప్పటినుంచీ ఉంది. దానికి జవాబు చాలామంది చెప్పారు, నేను మళ్ళీ చెప్పను. నా ప్రశ్న వేరు. తొమ్మిదివేల ఆరువందల మంది నీళ్ళలోంచి లేచి ఇళ్ళకు పోయారు గదా, తర్వాత ఏమయింది? దొరలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. బోధకులు కొన్ని పదులు. పల్లెలు వందలు. వారంలో ఆరున్నర రోజులు ఆ విశ్వాసాన్ని ఎవరు నిలబెట్టారు?

ఇక్కడే ‘తల్లిదండ్రులు పిల్లలకు నేర్పాలి’ అనే సూత్రం తలకిందులవుతుంది. పల్లెలో చిన్న బడి పడింది. పంతులే బోధకుడు, బోధకుడే పంతులు. పగలు గొడ్ల వెంట పోయే పిల్లలు రాత్రి బడికి వచ్చారు. తల్లికీ తండ్రికీ అక్షరం రాదు. ఇంట్లో బైబిలు చదవగలిగింది ఎనిమిదేళ్ళ పిల్లో, పదేళ్ళ పిల్లగాడో. కూడబలుక్కుంటూ వాళ్ళు చదివితే పెద్దవాళ్ళు విన్నారు. విన్నది గుర్తుపెట్టుకున్నారు. మరునాడు చేలో పక్కవాళ్ళకు చెప్పారు. మోకాలెత్తు పిల్ల ముందు తండ్రి చేతులు కట్టుకుని కూర్చోవడం అగ్రహారంలో ఊహించగలమా? అక్కడ చదువు తాత నుంచి తండ్రికీ, తండ్రి నుంచి కొడుక్కీ మాత్రమే దిగుతుంది. కూతురి దాకా రాదు. మన పల్లెలో అది కూతురి నుంచి తల్లికి ఎక్కింది. మన ఇళ్ళల్లో అక్షరానికి ఇప్పటికీ ఉన్న గౌరవానికి మూలం ఆ దీపం ముందు కూర్చోవడమేనని నా నమ్మకం.

చదవడం పిల్లలదైతే, మిగతాదంతా ఆడవాళ్ళది. మిషన్లు బైబిలు స్త్రీలను జీతమిచ్చి పంపేవి. వాళ్ళ గురించి రికార్డుల్లో కొంతయినా ఉంది. జీతం లేని ఆడవాళ్ళ గురించి ఏమీ లేదు. వాళ్ళు వేరే టైం అడక్కుండా, ఉన్న పనిలోనే భక్తిని ఇరికించారు. ‘గుప్పెడు బియ్యం’ చూడండి. అన్నం వండేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. వారమంతా వేసింది ఆదివారం గుడికి పోతుంది. పంతులు జీతానికి, గుడి కప్పుకు, ఇంకా బీదవాళ్ళకు అదే ఆధారం. దానికి పట్టే కాలం ఒక్క క్షణం. పక్కన కూర్చున్న పిల్లకు దానికంటే పెద్ద పాఠం అక్కర్లేదు. తినేది చాలకపోయినా అందులో మన భాగం కానిది ఒక గుప్పెడు ఉందని ఆ పిల్ల చూసింది. డోర్నకల్ డయాసిస్‌లో బిషప్ అజరయ్య కాలంలో, అంటే 1912 తర్వాత, ఇట్లాంటి కానుకల మీదే ఎన్నో పల్లె సంఘాలు నిలబడ్డాయి. ఆ డయాసిస్ విశ్వాసుల్లో అత్యధికులు మాల, మాదిగ కూలీలే.

ఇక పాట. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే ప్రతి పాట నెత్తిన రాగం, తాళం ఉంటాయి. అందులో ఎన్నో పాటలు పురుషోత్తమ చౌదరి (1803–1890) రాసినవి. ఆయన బ్రాహ్మణ పుటక పుట్టి క్రైస్తవుడైనవాడు. భాష సంస్కృతం దట్టంగా ఉన్న భాష. ఆ భాషను మన ఆడవాళ్ళు ఏం చేశారు? నాట్లేసేటప్పుడు ఒకామె ఎత్తుకుంటే వరసంతా అందుకునేది. రాగం పుస్తకంలోదే, నడక మాత్రం నాటు నడక. నోరు తిరగని మాట దగ్గర తమ మాట పెట్టుకున్నారు. మా నాయనమ్మకు నూరు పాటలు పైనే వచ్చు. ఒక్కటి కూడా పుస్తకంలో ఉన్నట్టు రాదు. పాస్టరయ్య గారు సరిచేయబోతే ‘నాకిట్లాగే వచ్చు నాయనా, దేవుడికి తెలుసులే’ అనేది. వంగి పనిచేస్తున్నప్పుడు చేతులు ఖాళీ ఉండవు గానీ నోరు ఖాళీయే. ఆ ఖాళీని ఆసామి కొలవలేకపోయాడు.

మిషనరీలకు ఇదంతా కనపడిందా? కొందరికి కనపడింది. ఎక్కువమంది మనసులో మాత్రం క్రైస్తవ కుటుంబమంటే తమ బంగళా. బల్ల చుట్టూ కుర్చీలు, తండ్రి చేతిలో బైబిలు, తల్లి ఒళ్ళో బిడ్డ. మన గుడిసెలో బల్ల లేదు, తండ్రి చదవలేడు, బిడ్డ పొలం గట్టున చెట్టుకు కట్టిన ఉయ్యాల్లో ఉంది. అందుకని ఇంట్లో పెంపకం కుదరదని తీర్మానించి, తెలివైన పిల్లల్ని బోర్డింగుకు తెచ్చారు. బోర్డింగు మనకు టీచర్లనిచ్చింది, నర్సులనిచ్చింది, మాట్లాడే నోరునిచ్చింది. ఆ అప్పు నేనూ మోస్తున్నాను. కానీ సెలవులకు ఇంటికొచ్చిన పిల్లకు అమ్మ ప్రార్థన మోటుగా అనిపించడం కూడా అక్కడే మొదలైంది. మా అమ్మ దిగులుకు ఒక కొస అక్కడుందని నాకు అనిపిస్తుంది.

పరిశోధకుల చూపు కూడా దీనికి దూరం కాదు. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ డయాసిస్‌లోని జంగరాయి ప్రాంతం పల్లెల్లో తిరిగి రాసిన పుస్తకం 1968లో వచ్చింది. శ్రద్ధగా చేసిన పని, ఇప్పటికీ చదవాల్సిందే. పల్లె క్రైస్తవులు గుడికీ పోతారు, జబ్బు చేస్తే పోచమ్మకూ మొక్కుతారని అందులో రాశారు. పేచీ పుస్తకం పేరు దగ్గరే. ‘గ్రామీణ క్రైస్తవులు, హిందూ సంస్కృతి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పోచమ్మ హిందువెప్పుడయింది? గుళ్ళోకి రానివ్వని జనం తమ వాడలో, తమ చేతుల్తో నిలుపుకున్న తల్లి ఆమె. బిడ్డకు అమ్మవారు పోసినప్పుడు తల్లి అటు యేసుకీ, ఇటు పోచమ్మకీ మొక్కితే దాన్ని అర్ధ విశ్వాసమని పాస్టరు తిట్టాడు, హిందూత్వమని పండితుడు రాసుకున్నాడు. ఆసుపత్రి ఎంత దూరమని ఇద్దరూ అడగలేదు.

మనల్ని మనం కూడా అడగాలి. ఇల్లు విశ్వాసాన్నే పెంచిందా? కులాన్ని కూడా పెంచింది. ఒంగోలు బాప్తిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువ. ఒకే ఊళ్ళో రెండు పల్లెలకు రెండు గుళ్ళు. సాయంత్రం ప్రార్థనలో ‘మేమందరం నీ బిడ్డలం’ అని చెప్పించిన తల్లే, పొద్దున ఆ పల్లె పిల్లతో తిరగొద్దని కూతురికి చెప్పింది. కల్యాణం దగ్గర ఈ సంగతి ఇంకా గట్టిగా బయటపడుతుంది. అంబేడ్కర్ అచ్చుకాని రాతలు 1989లో ఆయన రచనల ఐదో సంపుటంలో వచ్చాయి. మతం మారిన అంటరానివాళ్ళ స్థితి గురించి అందులో ఆయన వేసిన ప్రశ్నలు ఇంకా మన ఇళ్ళ గుమ్మాల ముందే ఉన్నాయి. వాటిని చర్చికి వ్యతిరేకంగా వేసిన ప్రశ్నలని పక్కకు తోస్తున్నాం గానీ, ఇంట్లో కూర్చుని చదువుకోవాల్సినవి అవి.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తెరవలేదు. మన దగ్గర మతం మారిన షెడ్యూల్డు కులాలను బి.సి.–సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక ఆదిద్రావిడ క్రైస్తవుడు, షెడ్యూల్డు కులాల చెప్పులు కుట్టేవాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బంకు తనకూ కావాలని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1985లో ఓడిపోయాడు. కొత్త మతంలో కూడా ఆ కష్టాలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చూపలేదని కోర్టు అంది. కూర్చున్న చోటు అదే, కుట్టే చెప్పు అదే, అయినా రుజువు చాల్లేదు.

ఈ ఉత్తర్వు ఇంటి లోపల ఏం చేసిందో ఎవరూ పెద్దగా రాయలేదు. పిల్లవాడికి గుళ్ళో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. ఇంట్లో దానియేలు, బళ్ళో వెంకటేశ్వర్లు. గోడమీది పటం తీసి ఎమ్మార్వో ఆఫీసు వాళ్ళు వచ్చిపోయాక మళ్ళీ పెట్టుకున్న ఇల్లు నేను చూశాను. అబద్ధమాడొద్దని రాత్రి ప్రార్థనలో నేర్పిన తల్లి, తెల్లారి ‘ఎవరన్నా అడిగితే మనం హిందువులమని చెప్పు’ అని నేర్పాలి. ఆ పిల్లవాడి విశ్వాసాన్ని ఎట్లా పెంచాలో ఏ ప్రసంగం చెప్పగలదు? బయట ఎక్కడా చెప్పుకోకూడని విశ్వాసానికి మిగిలింది ఇల్లొక్కటే. అది కూడా తలుపులు వేసుకున్న ఇల్లు.

ఇప్పుడు ఆ తలుపు కూడా నిలవడం లేదు. 2024 నవంబరు 26న పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పసిబిడ్డగా ఉన్నప్పుడు ఆమెకు బాప్తిస్మం ఇచ్చారన్నదీ, ఆమె చర్చికి పోతూ ఉంటుందన్నదీ సాక్ష్యాలయ్యాయి. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని కోర్టు అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న ఒక దళితుడు కులం పేరుతో దూషించారని పెట్టిన అట్రాసిటీ కేసును కొట్టేసింది. మతం మారినవాడికి ఆ చట్టం వర్తించదని అంది. తిట్టినవాళ్ళకు ఆయన మతం అడ్డం రాలేదు గదా అన్నది చట్టంలో ఇమడని ప్రశ్న. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే మతంతో పని లేకుండా హోదా ఇవ్వమంది. 2022లో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్.సి. హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. కాగితాలు ఇట్లా పోగవుతూనే ఉన్నాయి. తల్లిదండ్రులు నెలల పిల్లను గుడికి ఎత్తుకుపోయిన సంగతి ఇరవై, ముప్పయ్యేళ్ళ తర్వాత ఆ పిల్లకు వ్యతిరేకంగా కోర్టులో నిలుస్తుంటే, ఎత్తుకుపోవాలా వద్దా అని ఇప్పుడు పల్లెల్లో మొగుడూ పెళ్ళాలు గొంతు తగ్గించుకుని మాట్లాడుకుంటున్నారు.

చివరగా ఆదివారం సంగతి. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వేలమంది ఆడవాళ్ళు ఇంటి పనికి కువైట్ పోయారు, ఇంకా పోతున్నారు. వాళ్ళల్లో దళిత క్రైస్తవులు ఎందరో. అక్కడ వారపు సెలవు శుక్రవారం. అందుకని తెలుగు ఆరాధనలు శుక్రవారం జరుగుతాయి. ఆ శుక్రవారం కూడా బయటికి పంపని ఇళ్ళున్నాయి. మా పల్లెలో ఒక చెల్లెలుంది, కొడుకును అమ్మమ్మ దగ్గర వదిలి పోయింది. అక్కడ రాత్రి వంటగది కడిగి దీపం ఆర్పేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. పిల్లవాడు అప్పటిదాకా మేలుకోలేడు. అందుకని వాళ్ళ యజమానమ్మ మధ్యాహ్నం నిద్రపోయే వేళ ఫోను చేస్తుంది. ఇక్కడ వాడు బడినుంచి వచ్చి ఉంటాడు. ముందు అన్నం తిన్నావా అని అడుగుతుంది. తర్వాత, లోపలివాళ్ళకు వినపడకుండా, గుసగుసగా పాట ఎత్తుకుంటుంది. వాడు ఇక్కడ గట్టిగా పాడతాడు.